అరవై నాలుగో ప్యానెల్

రాబోయే నెల ఒకటో తారీకు నుంచి ఏ పంప్‌హౌస్‌లోనూ ఏ కంట్రోల్ ప్యానెలూ వేడెక్కడానికి వీల్లేదని నీటిసరఫరా మంత్రిగారు ప్రకటించారు.

పత్రికలవాళ్ళకు పంపే ప్రతిని టైపు చేసింది నేనే గనక, ఈ ప్రకటన గొప్పతనం నాకు అందరికంటే ఒక గంట ముందే తెలిసింది. మొదటి చిత్తులో "వేడి తగ్గించేందుకు తగిన చర్యలు తీసుకుంటాం" అని ఉంది. మంత్రిగారు దాన్ని అడ్డంగా కొట్టేసి, "వేడెక్కడానికి వీల్లేదు" అని సొంత చేత్తో రాశారు. నాయకుడంటే అలా ఉండాలి. తగ్గిస్తాం అంటే, ఏ మేరకు తగ్గిందని అడిగేవాడు ఎవడో ఒకడు బయల్దేరతాడు. వీల్లేదు అనేశాక ఇక తప్పంతా వేడిదే.

నేను నీటిసరఫరా శాఖలో టైపిస్టుని. మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. కిటికీలోంచి కిందికి చూస్తే అదే ఆవరణలో ఊరికంతటికీ నీళ్ళు తోడే పంప్‌హౌస్ కనిపిస్తుంది. ఆ పంప్‌హౌస్ ఆపరేటరు మా బావ, అంటే మా అక్క భర్త. శాఖాపరంగా ఆయనకు మెమోలు టైపు చేసేది నేను. కుటుంబపరంగా ఆ మెమోల గురించి అక్క చేత తిట్లు తినేదీ నేనే. ఈ రెండు బాధ్యతలనూ ఇంతవరకు సెలవు పెట్టకుండా నిర్వహిస్తున్నాను.

ఇక ప్యానెల్ సంగతి. అదొక బీరువా అంత ఇనప పెట్టె. లోపల ఉండే ఎలక్ట్రానిక్ డ్రైవ్, పంపు మోటారుకు ఎంత వేగంగా తిరగాలో చెబుతూ ఉంటుంది. పొద్దస్తమానం చెప్పి చెప్పి దానికి ఒళ్ళు వేడెక్కుతుంది. తలుపు కింది భాగంలో ఉన్న జాలీలోంచి చల్లగాలి లోపలికి రావాలి, పైనున్న ఫ్యాను వేడిగాలిని బయటికి తోయాలి. అలా జరిగినంతసేపూ అది హాయిగా ఉంటుంది. లోపల యాభై అయిదు డిగ్రీలు దాటిందా, ప్రాణం కాపాడుకోడానికి తనంతట తానే ఆగిపోతుంది. దాన్ని ట్రిప్పవడం అంటారు. ప్యానెల్ ట్రిప్పయితే పంపు ఆగుతుంది, పంపు ఆగితే ఊళ్ళో కొళాయిలు ఆగుతాయి.

మా ప్యానెల్ రోజూ మధ్యాహ్నం రెండింటికి ట్రిప్పయ్యేది. సబ్బు రాసిన గిన్నెలు ముందు పెట్టుకుని మా అక్క ఖాళీ కొళాయి వంక చూసే సమయం అది.

ట్రిప్పయిన ప్రతిసారీ మెమో ఉండదు గానీ, పైవాళ్ళ దృష్టికి వెళ్ళిన ప్రతిసారీ ఉంటుంది. మా శాఖలో ఒక మనిషికి ఏడు మెమోలు పూర్తయితే ఎనిమిదోది ఇవ్వరు, ఇవ్వడానికి ఆ మనిషి ఉద్యోగంలో ఉండడు గనక. మంత్రిగారి ప్రకటన వెలువడిన రోజుకి బావకు నాలుగు మెమోలు ఉన్నాయి. మొదటి రెండూ మామూలువే, ట్రిప్పయినందుకు. మూడోదీ నాలుగోదీ మాత్రం చెప్పుకోదగ్గవి.

అవి అర్థం కావాలంటే మీకు రంగు గురించి చెప్పాలి. మా శాఖలో పెద్దవాళ్ళెవరైనా చూడ్డానికి వస్తున్నారంటే రంగు వేస్తారు. ఇది రూలు కాదు, రూలు కంటే గట్టిది. మా చీఫ్ ఇంజనీరుగారికి లేత ఆకుపచ్చ ఇష్టం. ఆయన్ని మేమంతా పెద్దసారు అంటాం. పెద్దసారి కింద పనిచేసే రంగుల మేస్త్రి సిద్ధాంతం చాలా తేలికైనది. కదలనిది ఏదైనా సరే, రంగుకు అర్హమైనదే. గోడలు, తలుపులు, మోటారు కింది దిమ్మె, చివరికి మంటలార్పే బకెట్లలో ఇసుక పైపొర కూడా లేత ఆకుపచ్చే. పంప్‌హౌస్ ప్రారంభోత్సవానికి ముందురోజు ప్యానెల్ కూడా కదలకుండా నిలబడి ఉంది. మేస్త్రి దానికి రెండు పూతలు వేశాడు. జాలీకి ఆవగింజంత కన్నాలు ఉంటాయి. అవి చక్కగా పూడిపోయాయి. పైనున్న ఫ్యాను కూడా ఆ రోజు ఆపి ఉంది గనక దానికీ మర్యాద దక్కింది.

ఇదంతా కనిపెట్టింది బావే. ఆయన ఒకరోజు లోపల థర్మామీటరు పెట్టి, బయట ఒకటి పెట్టి, గంట గంటకీ రాసుకుని, ప్యానెల్లో తప్పేమీ లేదని, దానికి ఊపిరాడటం లేదని తేల్చాడు. పెద్దసారు తనిఖీకి కిందికి దిగినప్పుడు పరీక్ష చేసి చూపించాడు. జేబులోంచి ఒక కాగితం తీసి జాలీ మీద ఆనించి చెయ్యి తీసేశాడు. కాగితం కింద పడింది.

"ఏంటిది?" అన్నారు పెద్దసారు.

"జాలీ గాలి పీలుస్తుంటే కాగితం అతుక్కుని ఉండాలండి. పడిపోయిందంటే గాలి పోవట్లేదన్నమాట. రంగు అడ్డం పడింది."

పెద్దసారు నేల మీద ఉన్న కాగితాన్ని పరిశీలనగా చూశారు. అది రెండో మెమో. కింద ఆయన సంతకం ఉంది. అధికారి సంతకాన్ని నేల మీద పడవేసినందుకు సంజాయిషీ కోరుతూ మూడో మెమో ఆ సాయంత్రమే టైపు చేశాను.

బావకు పట్టుదల వచ్చింది. మర్నాడు వైరు బ్రష్షు తీసుకుని జాలీని రుద్ది, ఫ్యాను రెక్కల్ని గీకి, అన్ని కన్నాల్నీ సూదితో పొడిచి తెరిచాడు. ప్యానెల్ వారం రోజులపాటు ఒక్కసారి కూడా ఆగలేదు. అక్క గిన్నెలు రెండింటికి కడిగేసి మూడింటికి కునుకు తీయడం మొదలుపెట్టింది. ప్రభుత్వ రంగును గోకి, ప్రభుత్వ ఆస్తి అందానికి నష్టం కలిగించినందుకు నాలుగో మెమో వచ్చింది. మేస్త్రి వచ్చి గీతలు కనబడకుండా మూడు పూతలు వేశాడు. ప్యానెల్ మళ్ళీ రెండింటికి ఆగింది.

బావలో ఒక లోపం ఉందని నేను ఒప్పుకోవాలి. మీటరు ఎంత చూపిస్తే రిజిస్టరులో అంతే రాస్తాడు. మిగతా పంప్‌హౌస్‌ల ఆపరేటర్లు ఎండాకాలమైనా చలికాలమైనా నలభై అని రాసి సంతకం పెట్టేస్తారు. వాళ్ళు ఎంత ప్రశాంతంగా ఉంటారో చూసి కూడా బావ నేర్చుకోలేదు. ఎవరేం అడిగినా ఉన్నదే చెబుతాడు. ఇలాంటి మనిషికి సర్కారు కొలువు ఎలా వచ్చిందా అని మా ఇంట్లో అందరం అప్పుడప్పుడు అనుకుంటాం.

మంత్రిగారి ప్రకటన తర్వాత పనులు చకచకా సాగాయి. వేడి మూలకారణాన్ని కనుక్కోవడానికి ఏకసభ్య కమిటీ వేశారు. ఆ ఏకసభ్యుణ్ణి అందరూ నిపుణుడుగారు అంటారు. ఆయన వేడి మీద ఎన్నో సదస్సుల్లో మాట్లాడారు, అన్నీ చల్లటి హాళ్ళలోనే. కమిటీ మొదట మా పంప్‌హౌస్‌కే వస్తుందని తెలిసి పెద్దసారు మేస్త్రికి కబురు పెట్టారు. కమిటీ గౌరవార్థం ఇంకో రెండు పూతలు పడ్డాయి. నిపుణుడుగారు పన్నెండింటికి వచ్చారు. ప్యానెల్ పన్నెండుంబావుకే ఆగిపోయింది.

ఆయన తన మధ్యంతర నివేదికలో రంగు సంతృప్తికరంగా ఉందనీ, వేడి సంతృప్తికరంగా లేదనీ రాశారు. బావకు అయిదో మెమో. వారం తర్వాత పునఃపరిశీలనకు వచ్చారు. పునఃపరిశీలన అంటే మామూలు పరిశీలన కంటే పెద్దది గనక మరో మూడు పూతలు. ఈసారి నిపుణుడుగారు కారు దిగుతుండగానే ప్యానెల్ ఆగింది. ఆయన ముగ్ధులైపోయి, వేడికీ తనిఖీకీ ఏదో లోతైన సంబంధం ఉన్నట్టుందని, దాన్ని తేల్చడానికి తనిఖీల సంఖ్య పెంచాలని సిఫారసు చేశారు. బావకు ఆరో మెమో. వచ్చే సోమవారం మంత్రిగారే స్వయంగా వస్తారని ఫోను వచ్చింది.

ఆ సాయంత్రం నేను అక్క ఇంటికి వెళ్ళాను. బావ కుర్చీలో కూర్చుని ఆరు మెమోలనూ వరుసగా పేర్చి చూసుకుంటున్నాడు. అక్క నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. లేవు అంది, అది కొంతవరకు నిజమే.

"ఏడోది కూడా నువ్వే కొడతావా?" అని అడిగింది.

అది నా డ్యూటీ అన్నాను. తప్పులు లేకుండా కొడతానని కూడా చెప్పాను. అక్క నా వంక చూసిన చూపు ఏ మెమోలోనూ పట్టేది కాదు. బావ పోతే ఈ క్వార్టరు పోతుంది, పిల్ల బడి మారాలి, పన్నెండేళ్ళ సర్వీసు గాలికి పోతుంది అని లెక్క చెప్పింది. అంతా జాలీ మీద రంగు వల్ల అంది. గట్టిగా ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. లేచి షోకేసు దగ్గరికి వెళ్ళింది.

మా అక్క ముందుగదిలో ఒక అద్దాల షోకేసు ఉంది. అందులో ఆరు పింగాణీ కప్పులు ఉన్నాయి. పెళ్ళికి ఎవరో ఇచ్చినవి. ఇన్నేళ్ళలో వాటిలో ఒక్కరూ టీ తాగలేదు.

"ఇంటికొచ్చిన వాళ్ళంతా వీటిని చూసి ఎంత బాగున్నాయో అంటారు. టీ మాత్రం నేను వంటింట్లోంచి స్టీలు గ్లాసుల్లో తెచ్చిస్తాను. కప్పులు ఉండగా గ్లాసుల్లో ఎందుకిచ్చావని ఇంతవరకు ఒక్కళ్ళు అడిగారా? వచ్చేది చూడ్డానికే కదా వాళ్ళు. చూడ్డానికి ఒకటి పెట్టండి. పనిచేసేది వెనకాల పెట్టుకోండి" అంది అక్క.

నేనూ బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పంప్‌హౌస్ వెనక తుక్కు కొట్టంలో పాత ప్యానెల్ పెట్టె ఒకటి పడి ఉంది. లోపలి సామానంతా ఎప్పుడో పీకేశారు. వట్టి డొల్ల.

బావ చాలాసేపు ఆలోచించి, తాను మాత్రం అబద్ధం ఆడనన్నాడు. ఎవరేం అడిగినా ఉన్నదే చెబుతానన్నాడు.

"చెప్పు. ఎవరొద్దన్నారు. అడిగితే కదా" అంది అక్క.

ఆదివారం పొద్దున్నే మేమిద్దరం ఆ ఖాళీ పెట్టెను దొర్లించుకొచ్చి పంప్‌హౌస్ గుమ్మానికి ఎదురుగా నిలబెట్టాం. అసలు ప్యానెల్ దాని చోటులోనే, గది వెనక భాగంలో ఉంది. దానికీ పక్కనున్న మోటారుకూ ముందు ప్లైవుడ్ తడిక కట్టి, ఒక తలుపు పెట్టి, తలుపు మీద 'స్టోరు' అని నేనే రాశాను. మా శాఖ చరిత్రలో ఏ పెద్దమనిషీ స్టోరులోకి తొంగిచూసిన దాఖలా లేదు. ఖాళీ పెట్టె మీద ఒక పచ్చ బల్బు వెలిగిద్దామని నేను సలహా ఇచ్చాను. అది అబద్ధం కిందికి వస్తుందని బావ ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం మేస్త్రి వచ్చి, పెట్టె దానంతటది కదలడం లేదని నిర్ధారించుకుని, నాలుగు పూతలు వేశాడు. అద్దంలా మెరిసింది. తడిక వెనక బావ అసలు ప్యానెల్ జాలీని శుభ్రంగా రుద్దాడు, ఫ్యానుకు నూనె వేశాడు. పరీక్షకు ఆరో మెమో తీసి జాలీ మీద ఆనించాడు. అది టపీమని అతుక్కుపోయింది. ఊడదీయడానికి గోరు పెట్టి లాగాల్సొచ్చింది. ఆ మెమో ఎవరికైనా పనికొచ్చిందంటే అదే మొదటిసారి. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

సోమవారం ఒంటిగంటన్నరకు మంత్రిగారు, నిపుణుడుగారు, పెద్దసారు, వెనక పత్రికలవాళ్ళు వచ్చారు. బావ చేతులు కట్టుకుని ఖాళీ పెట్టె పక్కన నిలబడ్డాడు. ఆయన్ని నేనెరుగుదును. ప్యానెల్ ఇదేనా అని ఎవరైనా ఒక్క ముక్క అడిగితే చాలు, కాదని చెప్పేస్తాడు. ఏడో మెమో నంబరు నా దగ్గర రాసి సిద్ధంగా ఉంది.

నిపుణుడుగారు పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపల ఉష్ణోగ్రత ఎంత అని అడిగారు.

"బయట ఎంతో అంతేనండి."

"రెండింటికీ తేడాయే లేదా?"

"లేదండి."

"లోపల పుట్టే వేడి ఎంత?"

"సున్నా అండి."

నిపుణుడుగారి కళ్ళు చెమర్చాయి. ముప్పై ఏళ్ళ తన సర్వీసులో ఈ అంకె వినలేదన్నారు. ఇది ఎలా సాధ్యమైందో చెప్పమన్నారు.

"వేడి పుట్టించేవన్నీ లోపల్నుంచి తీసేశారండి" అన్నాడు బావ.

"మూలానికే వెళ్ళారన్నమాట" అంటూ నిపుణుడుగారు డైరీలో రాసుకుని, తలుపు తెరిచి లోపలికి చూశారు. నేను కళ్ళు మూసుకున్నాను. తర్వాత ఆయన గొంతు వినిపించింది, వైర్లు కనబడవేమని.

"వైర్లు లేవండి."

"అవును, ఇప్పుడు ప్రపంచమంతా అటే పోతోంది" అన్నారు నిపుణుడుగారు తలాడిస్తూ.

సరిగ్గా రెండయింది. అందరూ గడియారాలు చూసుకున్నారు. తడిక వెనకనుంచి మోటారు హోరు ఆగకుండా వినిపిస్తోంది. ఆవరణలో కొళాయి విప్పి చూపించారు, నీళ్ళు ధారగా పడ్డాయి. మంత్రిగారు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కెమెరాలన్నీ సర్దుకునేదాకా అలాగే ఉంచి, చల్లగా ఉందని ప్రకటించారు. మర్నాడు అన్ని పత్రికల్లోనూ అదే ఫోటో వచ్చింది. అరచేతికి అంటుకున్న లేత ఆకుపచ్చ రంగు ఫోటోలో పడలేదు.

అక్కడితో కథ అయిపోతే మేం ముగ్గురం సుఖంగా ఉండేవాళ్ళం. కానీ మంత్రిగారు మంచిని ఒక్కచోట ఆగనిచ్చే రకం కాదు. మొత్తం అరవై నాలుగు పంప్‌హౌస్‌ల్లో మిగిలిన అరవై మూడింటికీ అచ్చంగా ఇదే నమూనా పెట్టిద్దామన్నారు. పత్రికలవాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడు బావ, అడగకుండానే, జీవితంలో మొదటిసారి ఒక మంత్రితో మాట్లాడాడు.

"అయ్యా, ఇందులో ఏమీ లేదండి. వట్టి పెట్టె."

మంత్రిగారు బావ భుజం మీద చెయ్యి వేశారు.

"ఏమీ లేకుండానే ఇంత చల్లగా ఉంటే, ఏదైనా పెడితే ఇంకెంత బాగుంటుందో ఆలోచించు."

"తొందరపడి ఏదీ పెట్టొద్దు సార్" అని పెద్దసారు మంత్రిగారి చెవిలో చెప్పారు.

ఆర్డరు నేనే టైపు చేశాను. పెట్టెలు తయారుచేసే కంపెనీవాళ్ళు కాస్త అయోమయంలో పడి, లోపల ఏమేం అమర్చాలో తెలియజేయమని ఉత్తరం రాశారు. నమూనాలో ఏముందో అదే ఉండాలని, ఎక్కువా వద్దు తక్కువా వద్దని పెద్దసారు జవాబు చెప్పించారు. వాళ్ళ మనిషి వచ్చి మా పెట్టెను లోపలా బయటా కొలిచి, తబ్బిబ్బై, సంతోషంగా వెళ్ళిపోయాడు. అంత నిజాయితీగా, అంత గడువులోపల సరుకు అందించిన కంపెనీ మా శాఖకు ఇంతకు ముందు తగల్లేదు. పది రోజుల్లో అరవై మూడు ఊళ్ళల్లో పాత ప్యానెళ్ళు ఊడదీసి తుక్కులో వేసి, లేత ఆకుపచ్చవి నిలబెట్టారు.

ఒకటో తారీకు వచ్చింది. ప్రతి పంప్‌హౌస్ గోడకూ ఒక థర్మామీటరు వేలాడదీసి, మధ్యాహ్నం రెండింటికి గదిలో వేడి ఎంతో రోజూ పంపాలన్నారు. మంత్రిగారి గదిలో పెద్ద మ్యాపు పెట్టి, చల్లగా ఉన్న ఊరికి నీలం గుండుసూది, వేడిగా ఉన్న ఊరికి ఎర్ర గుండుసూది గుచ్చే ఏర్పాటు చేశారు. రిపోర్టులన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. మొదటి రోజు మొదటి రిపోర్టులో ఇలా ఉంది: "ఇరవై ఎనిమిది డిగ్రీలు. ప్యానెల్ చల్లగా ఉన్నది. నీళ్ళు రావడం లేదు." పెద్దసారు మొదటి రెండు వాక్యాల కిందా పచ్చ సిరాతో గీత గీశారు. మూడోది మన విభాగానికి చెందినది కాదని, నీళ్ళ గురించి ఏదైనా ఉంటే పై అంతస్తులో ఫిర్యాదుల విభాగం చూసుకుంటుందని చెప్పారు. మన విభాగం వేడి. నేను అప్పటినుంచి మొదటి రెండు వాక్యాలే ఎత్తి రాశాను.

పై అంతస్తు మెట్ల మీద మిగతా ఊళ్ళనుంచి వచ్చే జనం పెరిగారు. ఖాళీ బిందెల మోత మా గదిలోకి వినిపించేది. పెద్దసారు కిటికీ మూయించారు.

మ్యాపు మీద అరవై మూడు నీలం గుండుసూదులు మెరిశాయి. ఒక్కటి ఎర్రది. అది మా ఊరిది. తడిక వెనక అసలు ప్యానెల్ నడుస్తోంది, పంపు నడుస్తోంది, మోటారు వేడి గదిలోకి వస్తోంది. గోడ మీది థర్మామీటరు నలభై ఒకటి చూపించింది. బావ నలభై ఒకటి అని రాశాడు. ఇరవై ఎనిమిది అని రాయమని నేను బతిమాలాను. అక్క కూడా చెప్పింది. మీటరు అలా చూపించినప్పుడు అలాగే రాస్తానన్నాడు బావ.

మంత్రిగారికి ఆ ఎర్ర సూది కంట్లో నలుసులా తయారైందట. భోజనం సహించడం లేదట. పెద్దసారు నన్ను పిలిచి మెమో చెప్పారు. నేను టైపు చేశాను. "అరవై మూడు కేంద్రాలు చల్లగా ఉండగా, నమూనా ప్యానెల్ ఉన్న మీ కేంద్రము ఒక్కటే వేడిగా ఉండుటకు కారణమేమి? ఇరవై నాలుగు గంటల్లో తెలుపవలెను." పైన మెమో నంబరు ఏడు. తప్పులు లేకుండా కొడతానని అక్కకు మాటిచ్చాను గానీ మూడు చోట్ల తప్పు పడింది. తీసుకెళ్ళి బావ చేతిలో పెట్టాను.

బావ అక్కడే నిలబడి, మెమో వెనకవైపు సంజాయిషీ రాసి ఇచ్చాడు. ఒక్క వాక్యం.

"మా దగ్గర పంపు నడుస్తున్నందువల్ల."

పెద్దసారు దాన్ని నాలుగుసార్లు చదివారు. నిపుణుడుగారికి ఫోను చేసి చదివి వినిపించారు. ఆయన మంత్రిగారికి వినిపించారు. గంటసేపు తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు. నేను బయట స్టూలు మీద కూర్చుని, బావకు వేరే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తున్నాను. నిజం చెప్పే అనుభవం పన్నెండేళ్ళు ఉన్న మనిషిని ఎవరు తీసుకుంటారో నాకు తట్టలేదు.

తలుపు తెరుచుకుంది. పెద్దసారి మొహం వెలిగిపోతోంది. ఫైలు నా చేతికిచ్చి, ఉత్తర్వు వెంటనే కొట్టమన్నారు. పచ్చ సిరాతో ఇలా ఉంది: "సంజాయిషీ సంతృప్తికరం. కమిటీ రెండుసార్లు ప్రయత్నించి కనుక్కోలేని మూలకారణాన్ని ఆపరేటరు ఒక్క వాక్యంలో కనుక్కున్నాడు. ఏడు మెమోలూ రద్దు. ప్రశంసాపత్రం ఇవ్వవలెను. సదరు కారణమును రేపు ఉదయం పది గంటలకు సిబ్బందిని పంపి తొలగించవలెను."

ఒక్క తప్పు లేకుండా టైపు చేసి, సంతకం చేయించి, బంట్రోతు చేత బావకు పంపించి, ఆఫీసు అయిపోగానే అక్కకు శుభవార్త చెబుదామని పరుగెత్తాను. బావ ఉద్యోగం నిలిచింది, క్వార్టరు నిలిచింది, పిల్ల బడి మారక్కర్లేదు. గుమ్మంలోంచే అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"మీ బావ చెప్పారు" అంది అక్క వెనక్కి తిరక్కుండానే.

వంటింట్లో కొళాయి పూర్తిగా విప్పి ఉంది. బిందెలు, బకెట్లు, గిన్నెలు, పిల్ల స్నానం చేసే టబ్బు, అన్నీ అంచుదాకా నిండి వరసగా ఉన్నాయి. బావ చొక్కా చేతులు మడిచి ఇంకో బకెట్టు మోసుకొస్తున్నాడు. అక్క ఖాళీగా ఉన్నవేమైనా మిగిలాయేమోనని చుట్టూ చూసింది.

"ఊరికే నిలబడతావేంరా. ఆ షోకేసు తీసి కప్పులు ఇలా పట్రా."